కబురు ఖరీదు

నేను జర్నలిజం పాఠాలు చెప్పుకుని బతికే సాయిబును. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు ఏమడుగుతారో నాకు కంఠతా వచ్చు. 'ఉర్దూ పేపర్లకా సార్?' కాదు, తెలుగు జర్నలిజమే. 'అబ్బ, మీరు తెలుగు భలే మాట్లాడతారే!' ఇది రెండో మాట. ముప్పై ఏళ్లకు పైగా తెలుగులో రాస్తూ, తెలుగులో రాయడం నేర్పుతూ ఉన్నవాడికి ఈ మెచ్చుకోలు. పుట్టిన ఊళ్లోనే ఉంటున్నవాణ్ని పట్టుకుని 'మా ఊరు నచ్చిందా?' అని అడిగినట్టు ఉంటుంది. కోపం తెచ్చుకోవడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు ఆ రెండు మాటల్నీ మొదటిరోజు క్లాసులో బోర్డు మీద రాస్తాను. ఎదుటి మనిషిని ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా వార్త రాసేస్తే ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

తెలుగు మాది కాదనుకునేవాళ్లకు ఒక చిన్న సంగతి. 'కబురు' అన్న మాట 'ఖబర్' నుంచి వచ్చింది. కాలేజీ లెక్కల్లో రోజూ వాడే రుసుము, జమ, ఖర్చు, వసూలు, బకాయి, హాజరు... ఇవన్నీ అరబ్బీ ఫార్సీల్లోంచి బయల్దేరి ఉర్దూ మీదుగా తెలుగు నోళ్లలో పడి తెలుగైపోయిన మాటలే. మాటలకు దొరికినపాటి చోటు కూడా మనుషులకు దొరకలేదు. పత్రికాఫీసులో కబురు ఉంది, కబురు రాసే సాయిబు ఎక్కడో ఒకడు. కాలేజీ ఆఫీసులో వసూలు, జమ ఎవరివో అయ్యాయి. బకాయి మాత్రం మా పిల్లల పేర్ల పక్కనా, మాలాంటి పేదల పిల్లల పేర్ల పక్కనా మిగిలింది. నేను చెప్పదలుచుకున్నది ఈ బకాయి గురించే. అది కట్టలేక ఆగిపోయిన చదువుల గురించీ, ఆ చదువులు ఆగడం వల్ల పేపర్లో రాకుండా పోయిన కబుర్ల గురించీ.

మాది ఒకప్పటి కరీంనగర్ జిల్లా, ఇప్పటి జగిత్యాల జిల్లాలో కోరుట్ల దగ్గరి పల్లె. అబ్బా సైకిళ్లు బాగుచేసేవాడు. అమ్మీ బీడీలు చుట్టేది. మా వాడలో హిందువుల ఇంట్లోనైనా ముస్లింల ఇంట్లోనైనా ఆడవాళ్ల ఒళ్లో అదే చాట, అదే తునికాకు, అదే తంబాకు. దగ్గు కూడా అందరికీ ఒక్కటే. బీడీ కార్మికుల సంక్షేమ నిధి అని ఒకటి ఉండేది. 1976లో చట్టం చేసి, బీడీల మీద సుంకం వసూలు చేసి, ఆ డబ్బులోంచి కార్మికుల పిల్లలకు స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్లు. అమ్మీకి బీడీ కార్డు ఉండబట్టి నాకు అది వచ్చింది. దాంతోనే నా పుస్తకాలు, చెప్పులు, ఇంటర్‌లో బస్సు పాసు.

మా పక్కింటి దోస్తు అమ్మ కూడా అదే కార్ఖానాకు బీడీలు చుట్టేది. ఆమెకు కార్డు లేదు. కార్డు ఇస్తే పీఎఫ్ కట్టాలి గనక కార్ఖానా వాళ్లు చాలామందిని లెక్కలో చూపేవాళ్లు కాదు. వాడు ఏడో తరగతిలో బడి మానేసి లారీ క్లీనరుగా వెళ్లాడు, తర్వాత దుబాయి. లెక్కల్లో నాకన్నా హుషారు. మా ఇద్దరి మధ్య తేడా తెలివిది కాదు, కష్టానిది కాదు, ఒక అట్టముక్కది. 2017లో జీఎస్టీతో ఆ సుంకమే రద్దయింది. స్కాలర్‌షిప్ ఇప్పుడు బడ్జెట్‌లో విదిల్చే దాని మీద ఆధారపడి ఉంది. స్కాలర్‌షిప్ అనగానే దానం అనుకునేవాళ్లతో నేను ఎప్పుడూ ఈ కథే చెబుతాను. అమ్మీ చుట్టిన బీడీల మీద వసూలు చేసిన పైసల్లో కొన్ని తిరిగి ఆమె కొడుక్కి వచ్చాయి. ఇందులో ఎవరి దయ ఉంది?

డిగ్రీ చదువుతూనే ఒక పత్రికకు మండల విలేకరిగా చేరాను. జిల్లా ఎడిషన్లు అప్పుడే ఊపందుకుంటున్నాయి. జీతం ఉండదు, లైన్ అకౌంట్. అచ్చయిన వార్తను కొలిచి పైసలిస్తారు. ప్రకటన తెస్తే కమీషన్. కొలిచి ఇచ్చే పైసలతో ఇల్లు గడవదు. కాబట్టి ఇల్లు గడవడానికి వేరే దారి ఉన్నవాడే విలేకరి అవుతాడు. భూములున్నవాడు, కాంట్రాక్టులున్నవాడు, అన్న సర్పంచుగా ఉన్నవాడు. మండలంలో ఎవరి కష్టం వార్త అవుతుందో, ఎవరిది కాదో అక్కడే తేలిపోతుంది. కుట్ర ఏమీ అక్కర్లేదు. జీతం ఇవ్వకపోతే చాలు.

1992 డిసెంబర్ 6 తర్వాత వారం రోజులు నేను పంపిన వార్త ఒక్కటీ రాలేదు. కాల్వ నీళ్ల వార్త, కరెంటు మోటార్లు కాలిపోయిన వార్త, ఏదీ రాలేదు. ఎనిమిదో రోజున డెస్క్ నుంచి ఫోను. 'మీవాళ్ల రియాక్షన్ ఏంటో రాసి పంపు.' అప్పటిదాకా నేను ఆ మండలం విలేకరిని. ఆ ఫోనుతో 'మీవాళ్ల' విలేకరినయ్యాను. తర్వాత హైదరాబాద్‌లో డెస్క్ మీద పనిచేసినప్పుడూ అంతే. రంజాన్ నెల రాగానే నేను గుర్తొచ్చేవాణ్ని. హలీం మీద ఒక పేజీ, చార్మినార్ దగ్గర గాజుల మీద ఒక పేజీ, ఇఫ్తార్ వేళలు. మిగతా పదకొండు నెలలు ఉర్దూ ప్రెస్‌నోట్ల తర్జుమా. అసెంబ్లీ బడ్జెట్ పేజీ నాకివ్వండని రెండేళ్లు అడిగాను. 'నీకెందుకయ్యా ఆ లెక్కల గోల' అన్నారు. ఆ లెక్కల్లోనే మా బతుకులున్నాయని వాళ్లకు తెలియదు. తెలిసిన వాళ్లెవరూ అక్కడ లేరు. ఆ ఉద్యోగం వదిలి పాఠాలు చెప్పడానికి రావడానికి కారణాలు చాలా ఉన్నాయి గానీ ఇదీ ఒకటి.

క్లాసులో నేను పుస్తకం కన్నా పాత పేపర్ల కట్టనే ఎక్కువ వాడతాను. ముస్లింల చదువు మీద ఎక్కడ వార్త వచ్చినా పక్కన వేసే ఫోటో చూడమంటాను. టోపీలు పెట్టుకుని, రెహల్ మీద ఖురాన్ పెట్టుకుని ఊగుతూ చదివే పిల్లలు. ఏ డెస్క్‌లోనైనా ఫైల్ ఫోటో అదే. తర్వాత బోర్డు మీద ఒక అంకె వేస్తాను. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం బడికెళ్లే వయసున్న ముస్లిం పిల్లల్లో మదరసాల్లో చదివేది 3 శాతం. మరి మిగతా పిల్లల ఫోటో ఏది? అదే నివేదికలో ఇంకో సంగతి ఉంది. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు బడి ముఖం చూడనివాళ్లో, మధ్యలో మానేసినవాళ్లో. పంచరు షాపులో, వెల్డింగ్ షాపులో, చూడీల బట్టీ దగ్గర కూర్చున్న ఆ పిల్లల ఫోటో ఏది? మా పిల్లలు చదవకపోవడానికి మదరసా కారణమని చెప్పడానికి ఒక ఫోటో చాలు. డబ్బులు లేకపోవడం కారణమని చెప్పాలంటే గల్లీలో తిరగాలి. పని ఎక్కువ.

2007 మే 18 నాటి మక్కా మసీదు పేలుడు వార్తలు ఇంకో పాఠం. పేలుడులో తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. మొదట పట్టుకెళ్లింది పాతబస్తీ కుర్రాళ్లను. కోర్టు వాళ్లను నిర్దోషులని వదిలేసింది, చివరికి ప్రభుత్వమే కొందరికి పరిహారం ఇచ్చింది. నా విద్యార్థులకు పని ఏమిటంటే, అరెస్టు వార్తలో వాడిన విశేషణాలన్నీ ఒక కాగితం మీద, విడుదల వార్తలో వాడినవన్నీ మరో కాగితం మీద రాయడం. రెండో కాగితం దాదాపు ఖాళీగా ఉంటుంది. 2020లో కరోనా మొదలైనప్పుడు 'మర్కజ్' అన్న మాటతో వచ్చిన శీర్షికలతోనూ ఇదే పని చేయించాను. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి తబ్లీగీలను బలిపశువులను చేశారని తీర్పు చెప్పింది. ఆ తీర్పు వార్త ఎన్నో పేజీలో వచ్చిందో వెతకమన్నాను. హిందూ పిల్లలే ముందు తలలు పట్టుకున్నారు. ఈ మాట నేను ప్రత్యేకంగా రాయాలి. పాఠం సరిగ్గా చెబితే ఏ మతం పిల్లలకైనా అర్థమవుతుంది. ఇరవై ఏళ్ల వయసులో మనుషులు ఇంకా గట్టిపడి ఉండరు.

షోయబుల్లా ఖాన్ గురించి ప్రతి బ్యాచికీ చెబుతాను. 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక నడుపుతూ నిజాం ఏలుబడిలోనే హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో కలవాలని రాశాడు. 1948 ఆగస్టులో రాత్రిపూట ఆఫీసు నుంచి ఇంటికెళుతుంటే రజాకార్లు కాల్చి, చెయ్యి నరికి చంపారు. సాయిబు అనగానే రజాకారు అనేవాళ్లున్నారు. రజాకార్లు చంపిన సాయిబు గురించి అడిగితే నోరు మెదపరు. 1857లో ఇంగ్లీషువాళ్లు చంపిన 'ఢిల్లీ ఉర్దూ అఖ్బార్' సంపాదకుడు మౌల్వీ మొహమ్మద్ బాఖర్ పేరు కూడా చెబుతాను. ఈ వృత్తిలో మాకు తాతలున్నారని మా పిల్లలకు తెలియాలి కదా.

ఇదంతా క్లాసులో కూర్చున్న పిల్లలకు. అసలు క్లాసులోకి రావడమే పెద్ద కథ. ఆ కథ నాకు ఒక అమ్మాయి రిపోర్టు వల్ల పూర్తిగా అర్థమైంది.

మా దగ్గర పిల్లలు ల్యాబ్ జర్నల్ తెస్తారు. నాలుగు పేజీలు. వార్తలు వాళ్లవే, దిద్దుకోవడం వాళ్లదే. 2022 నవంబర్‌లో కేంద్రం ప్రీమెట్రిక్ మైనారిటీ స్కాలర్‌షిప్‌ను 9, 10 తరగతులకే పరిమితం చేసింది. ఒకటి నుంచి ఎనిమిది దాకా విద్యాహక్కు చట్టం కింద చదువు ఉచితమే కదా, ఇక స్కాలర్‌షిప్ ఎందుకన్నది వాదన. పెద్ద పత్రికల్లో చిన్న వార్తగా వచ్చిపోయింది. మా క్లాసులో యాకుత్‌పురా నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉండేది. వాళ్లబ్బా ఆటో నడుపుతాడు. ఆమె తమ్ముడు అప్పుడు నాలుగో తరగతి. 'సార్, ఇది నేను రాస్తా' అంది. ఒకటో తరగతి నుంచి ఐదు దాకా ఆ స్కాలర్‌షిప్ నెలకు వంద రూపాయలు, పది నెలలకు. అంటే ఏడాదికి వెయ్యి. 'వెయ్యి రూపాయల గురించి ఏం రాస్తావమ్మా?' అని క్లాసులో ఎవరో నవ్వారు. ఆమె పద్దెనిమిది ఇళ్లకు తిరిగింది. ఒక్కటే ప్రశ్న అడిగింది. 'ఆ వెయ్యితో ఏం కొనేటోళ్లు?'

జవాబులు వరసగా రాసుకొచ్చింది. బూట్లు. నోట్‌బుక్కులు. రెండు నెలల ఆటో కిరాయి. ఒకామె ఆ డబ్బు చూపించి పెద్దకూతురి బడి ఫీజుకు అప్పు తెచ్చింది. ఇంకొకామె, 'ఆ ఫారం నింపేటప్పుడు బడిలో పేరుండాల్నని మా ఇంటాయన పిల్లను మాన్పియ్యలే' అంది. నాకు అక్కడ కలం ఆగింది. వెయ్యి రూపాయలు ఆ ఇంట్లో ఫీజు కాదు. ఆడపిల్లను బడి మాన్పించకుండా ఏడాదికి ఒకసారి ఆపిన ఒక కారణం.

ఆ అమ్మాయి ఇంకో సంగతి కూడా పట్టుకుంది. చట్టం ప్రకారం ప్రభుత్వ బడిలో చదువు ఉచితమే. కానీ ఆ గల్లీలో జనం పిల్లల్ని పంపేది ఇంటి పక్కన రెండు గదుల్లో నడిచే ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడికి. ఎందుకంటే దగ్గరి ఉర్దూ మీడియం సర్కారు బడిలో లెక్కలకు టీచరు లేడు, ఆడపిల్లలకు సరైన మరుగుదొడ్డి లేదు. 'ఫ్రీ అని చెప్పేటోళ్లు ఒకసారి వచ్చి చూసి పోవాలె' అని ఒక అవ్వ అన్న మాటతో రిపోర్టు ముగించింది. శీర్షిక కూడా ఆమే పెట్టింది: 'ఏడాదికి వెయ్యి'. నేను ఒక్క కామా కూడా మార్చలేదు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న రిపోర్టరు ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఆ ఇళ్ల తలుపులు ఆమెకు తెరుచుకున్నట్టు వాళ్లకు తెరుచుకోవు కూడా.

ఆ రిపోర్టు తర్వాత క్లాసుకు బడ్జెట్ చదవడం నేర్పాను, నాకు ఒకప్పుడు ఇవ్వని పేజీ కదా! 2022-23లో మైనారిటీ వ్యవహారాల శాఖకు బడ్జెట్ అంచనా 5,020 కోట్లు. మరుసటి ఏడు 3,097 కోట్లు. ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ ఒక్కటే 1,425 కోట్ల నుంచి 433 కోట్లకు పడిపోయింది. అదే సమయంలో పోస్ట్‌మెట్రిక్‌కు పెంచారు, 515 నుంచి 1,065కి. అదీ చెప్పాలి. మనకు అనుకూలంగా లేని అంకెను దాచేవాడు రిపోర్టరు కాడని పిల్లలకు చెబుతాను. కానీ బడ్జెట్ పుస్తకంలో మూడు గడులుంటాయి. అంచనా, సవరించిన అంచనా, నిజంగా ఖర్చయింది. మంత్రులు మాట్లాడేది మొదటి గడి. శీర్షికలు వచ్చేదీ అందులోంచే. రెండేళ్లాగి మూడో గడి తెరిచి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. మైనారిటీల విషయంలో దగా ఎక్కువగా జరిగేది ఆ మూడో గడిలోనే. ఇచ్చామన్నది అందరికీ తెలుస్తుంది, ఖర్చు చేయనిది ఎవరికీ తెలియదు. 'మీకు అన్నీ ఇస్తున్నరు కదా' అని టీకొట్టు దగ్గర నాతో అనేవాళ్లు చదివింది మొదటి గడే. వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకు మూడో గడి చూపించని మా వృత్తి మీద కోపం.

ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్. 2008-09 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో ఈ పథకం పెరిగి పెద్దదయ్యాక మా పిల్లలు కాలేజీలకు రావడం నేను కళ్లారా చూశాను. 2007 చట్టంతో వచ్చిన నాలుగు శాతం బీసీ-ఈ రిజర్వేషన్ దానికి తోడైంది. మా ఊళ్లో సైకిల్ షాపుల, కటిక దుకాణాల ఇళ్ల నుంచి ఇంజనీర్లు లేచారు. తెలంగాణలో గురుకులాలు కూడా వచ్చాయి, రెండు వందలకు పైగా మైనారిటీ రెసిడెన్షియల్ బడులు. అక్కడ చదివిన ఆడపిల్లలు ఇప్పుడు నా క్లాసులోకి వస్తున్నారు, ఎదురు ప్రశ్నలడుగుతున్నారు. మంచిని మంచి అనాల్సిందే.

కానీ పథకం కాగితం మీద ఉండటం వేరు, డబ్బు కాలేజీకి చేరడం వేరు. రెండేళ్లు, మూడేళ్లు రాదు. ప్రభుత్వం కాలేజీకి బాకీ. కాలేజీ లెక్చరర్లకు బాకీ. నాకూ నాలుగు నెలల జీతం ఆగిన రోజులున్నాయి. చివరికి అందరి బాకీ వచ్చి కూర్చునేది పిల్లాడి నెత్తి మీద. కోర్సు పూర్తయ్యాక మెమో, టీసీ ఇవ్వరు. 'ఫీజు కట్టి తీస్కపో, సర్కారు ఇచ్చినప్పుడు నీకు తిరిగి ఇస్తం.' 2025 నవంబర్ మొదటి వారంలో ఈ బకాయిల కోసం తెలంగాణలో ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టాయి. బంద్ వార్త అన్ని పేపర్లలో వచ్చింది. యాజమాన్యాల ప్రకటన వచ్చింది, మంత్రుల హామీ వచ్చింది. మెమో కోసం కాలేజీ గేటు దగ్గర నిలబడే పిల్లాడి మాట ఎక్కడా రాలేదు.

అలాంటి ఒకడు నా విద్యార్థి. నారాయణపేట నుంచి వచ్చినవాడు. ఇంట్లో తెలుగు, కన్నడ, దక్కనీ మూడూ మాట్లాడతాడు. వాడు రాసిన వాక్యం చదివితే ఎక్కడా కొట్టేయాల్సింది కనపడదు. ఒక పత్రిక శిక్షణకు పరీక్ష రాసి ఎంపికయ్యాడు. సర్టిఫికెట్లు తెమ్మన్నారు. అవి కాలేజీలో ఉన్నాయి. నలభై వేలు కట్టాలి. గడువు దాటిపోయింది. ఇప్పుడు బైకు మీద తిండి పొట్లాలు చేరవేస్తున్నాడు. ఒకసారి మా కాలనీలోనే కనిపించాడు. 'సార్, రోజుకు ఇరవై గల్లీలు తిరుగుతున్నా. రిపోర్టర్‌నైతే ఇన్ని తిరిగేటోణ్ని కాదేమో' అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇంకో దారి పరిశోధన. మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్ 2009లో మొదలైంది. ఎంఫిల్, పీహెచ్‌డీ చేసే మైనారిటీ విద్యార్థులకు. 2014-15 నుంచి 2021-22 వరకు 6,722 మందిని ఎంపిక చేసి, 738.85 కోట్లు ఇచ్చామని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. చెబుతూనే, 2022 డిసెంబర్‌లో, పథకం ఆపేస్తున్నామంది. వేరే ఫెలోషిప్‌లతో ఇది కలిసిపోతోందట. ఒకరే రెండు తీసుకుంటున్నారని అనుమానముంటే పేర్లు సరిచూసుకోవచ్చు. ఒకే రేషన్ కార్డు రెండుచోట్ల ఉందని రేషన్ షాపులే మూసేస్తారా?

నేను పీహెచ్‌డీకి ఒప్పించిన ఒక అమ్మాయి ఆ ఏడే దరఖాస్తు పెట్టుకోవాల్సింది. తెలుగు పత్రికల్లో ముస్లిం ఆడవాళ్ల వార్తలు ఎలా వస్తాయన్నది ఆమె అంశం. వాళ్లబ్బా నాకు ఫోన్ చేశాడు. 'సార్, మీ మాట మీద రెండేండ్లు ఆగిన. ఇప్పుడు పెండ్లి చేస్తా. తప్పు పట్టకుండ్రి.' ఏం చెప్పాలి? ఫెలోషిప్ ఉంటే ఆ ఇంట్లో ఆమె సంపాదించే మనిషి. అది లేకపోతే పెళ్లీడు దాటుతున్న కూతురు. ఉన్నత విద్య మీద కేంద్రం సర్వేలో ముస్లిం విద్యార్థులు 2019-20లో 21 లక్షలు, 2020-21లో 19.21 లక్షలు. అదే ఏడాది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థుల సంఖ్య పెరిగింది. తగ్గింది మేమే. జనాభాలో 14 శాతం ఉన్నవాళ్లం ఆ ఏడాది కాలేజీల్లో 4.6 శాతం.

ఆ ఫెలోషిప్ పేరు గురించి ఒక మాట. ఆజాద్ 1912లో కలకత్తా నుంచి 'అల్ హిలాల్' నడిపిన పత్రికా రచయిత. తర్వాత స్వతంత్ర భారతానికి మొదటి విద్యామంత్రి. పత్రిక, చదువు రెండూ ఒక్క మనిషిలో కలిసిన పేరు అది. ఆయన పేరున్న ఫెలోషిప్ 2022లో పోయింది. ఆయన పేరుతో 1989లో పెట్టిన ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను మూసేయమని 2024 ఫిబ్రవరిలో ఉత్తర్వు వచ్చింది. బేగం హజ్రత్ మహల్ పేరుతో తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఆడపిల్లలకు స్కాలర్‌షిప్ ఇచ్చింది ఆ ఫౌండేషనే. 2023లో పదకొండో తరగతి రాజనీతి శాస్త్రం పుస్తకంలో రాజ్యాంగ సభ గురించిన ఒక వాక్యంలోంచి కూడా ఆయన పేరు తీసేశారు. నవంబర్ 11న జాతీయ విద్యా దినోత్సవం మాత్రం ఉంది. ఆ రోజు ఫోటోకు దండ వేస్తారు.

ఇంతా రాసి మావాళ్లను వదిలేస్తే అన్యాయమవుతుంది. షాదీఖానాలో ఒక్క రాత్రికి ఖర్చయ్యే డబ్బుతో పదిమంది మెమోలు బయటికి వస్తాయి. మసీదుకు కొత్త మినారు కావాలంటే నెలలో చందా పోగవుతుంది. 'పత్రికల చదువుకు ఇవ్వండి' అంటే 'జకాత్ దానికి చెల్లదేమో' అంటారు. ఫీజు కట్టలేని విద్యార్థి పేదవాడు కాడా? మనవాళ్లు డబ్బుంటే ఇంజనీరింగ్ కాలేజీ పెడతారు, మెడికల్ కాలేజీ పెడతారు. మన మీద అబద్ధం అచ్చయినప్పుడు మాత్రం 'మీడియా మనది కాదు భయ్యా' అని నిట్టూరుస్తారు. ఎలా అవుతుంది? ఇక, ఉర్దూ రాని దూదేకుల పిల్లల్ని, నూర్‌బాషా పిల్లల్ని 'తెలుగు సాయిబులు' అని చిన్నచూపు చూసే సయ్యద్‌లు, పఠాన్‌లు మా దగ్గర తక్కువేం లేరు. తెలుగు పత్రికలోకి ముందుగా వెళ్లగలిగింది ఆ పిల్లలేనని వీళ్లకు తట్టదు. ఉర్దూ పత్రికల్లో మా కష్టాలన్నీ వస్తాయి, నిజమే. అవి మా గురించి మాకే చెబుతాయి. పక్కింటి హిందువుకు, ఎమ్మార్వో ఆఫీసులో గుమాస్తాకు, అసెంబ్లీలో కూర్చున్నవాడికి చేరాలంటే తెలుగులో రాయాలి.

మూడేళ్ల కిందట నా పాత విద్యార్థులు కొందరు కలిసి చిన్న నిధి ఒకటి మొదలుపెట్టారు. దానికి పేరు లేదు, బోర్డు లేదు. పదకొండు మంది, నెలకు ఐదు వందలు. ఇద్దరు డెస్కుల్లో, ఒకడు టీవీలో, ఒకామె మండలంలో టీచరు, మిగతావాళ్లు ఏదో ఒక పనిలో. వసూలైన డబ్బుతో మెమోలు విడిపించాలి. మొదటి సమావేశంలోనే తగాదా. మన పిల్లలకేనా, అందరికీనా? ఒకడు అన్నాడు, 'మనోళ్లకు ఎవరూ ఇస్తలేరు కాబట్టే కదా పెట్టినం.' వాడి మాటలో న్యాయం ఉంది. యాకుత్‌పురా అమ్మాయి అంతకంటే గట్టిగా మాట్లాడింది. 'నా ల్యాబ్ జర్నల్ పేజీ రాత్రంతా కూచోని పెట్టింది ఎవరు భయ్యా?' పేజీ పెట్టింది ఆలేరు నుంచి వచ్చే మాదిగ అమ్మాయి. ఆమె మెమో కూడా అదే కాలేజీ బీరువాలో ఉంది. రెండు గంటలు వాదించుకున్నారు. నేను టీ తాగుతూ కూర్చున్నాను, అడిగితే తప్ప మాట్లాడలేదు. మొదట విడిపించిన మెమో ఆ ఆలేరు అమ్మాయిది. ఇప్పుడామె ఒక పత్రికలో నల్లగొండ డెస్క్ మీద ఉంది. రెండోది నారాయణపేట కుర్రాడిది. కాగితం చేతికొచ్చింది గానీ ఆ శిక్షణకు అప్పటికి వయసు పరిమితి దాటిపోయింది. వేరే పత్రికకు రాస్తున్నాడు, లైన్ అకౌంట్ మీద, రాత్రిళ్లు బండి నడుపుతూనే.

ఇప్పటికి తొమ్మిది మెమోలు బయటికి వచ్చాయి. ఈ నెల వసూలు ఐదు వేలు, ఒకరు ఇంకా ఇవ్వలేదు. బీరువాలో మా క్లాసు పిల్లలవి ఇంకో నాలుగున్నాయి.